గంజి పెట్టిన కారు

మా ఆయనకు కారంటే ప్రాణం. నా మీద ప్రేమ లేదని అనను గానీ, పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కనాడైనా నా తలకు నూనె రాసిన పాపాన పోలేదు. ఆ కారుకు మాత్రం ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే లుంగీ ఎగగట్టి, చంటిపిల్లకు నీళ్లు పోసినంత జాగ్రత్తగా స్నానం చేయించేవాడు. ముందు చేతి గడియారం తీసి కిటికీలో పెట్టేవాడు. తర్వాత ఉంగరం తీసి దాని పక్కన పెట్టేవాడు. ఈ రెండూ అయ్యాకే బకెట్ ముట్టుకునేవాడు.

కారు మీద నీళ్లు పోయకముందు గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. "దుమ్మంటే ఏమనుకున్నవ్? సన్నటి ఇసుక. పొడి ఇసుక మీద గుడ్డ పెట్టి రుద్దితే రంగు మీద అన్నీ గీతలే," అని నాకు పాఠం చెప్పేవాడు. నేను బడిలో పొద్దంతా పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. ఇంట్లో మళ్లీ నేనే పాఠం వినాలా అని ఒళ్లు మండేది. కానీ ఆయన ఆపేవాడు కాదు. నీడలోనే కడగాలి. పైకప్పు ముందు, చక్రాలు చివర. సబ్బు నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్. గుడ్డను గుండ్రంగా తిప్పొద్దు, నిలువుగా ఒకే దిక్కు లాగాలి. గుడ్డ చేజారి కింద పడితే ఇక అది కారుకు పనికిరాదు, నేల తుడవడానికి నాకిచ్చేవాడు. మా ఇంట్లో నేల తుడిచే గుడ్డలన్నీ అట్లా వచ్చినవే.

నేను వెక్కిరించేదాన్ని గానీ ఒక హద్దు దాటేదాన్ని కాదు. దానికో కారణం ఉంది. వాళ్లది కూలి చేసుకుని బతికిన కుటుంబం. వాళ్ల నాయిన వేరేవాళ్ల ఎడ్లను కడిగాడు, వేరేవాళ్ల ట్రాక్టర్లను కడిగాడు. ఆయన తనదని కడుక్కున్నది ఒంటినే. వాళ్లమ్మ ఊరి పొలాలన్నిటిలో నాట్లు వేసింది, ఒక్క మడి కూడా తనది కాదు. ఆ ఇంట్లో పుట్టి, చదువుకుని, నల్గొండలో జిల్లా ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని, పాతదే అయినా ఒక ముదురు నీలం కారు కొనుక్కున్న మనిషి, దాన్ని అంతసేపు కడుగుతున్నాడంటే నాకు అర్థమయ్యేది.

మాది నేత ఇల్లు. చండూరు దిక్కు ఊరు. బాపు, అంటే మా నాన్న, గుంత మగ్గం మీద బతుకంతా చీరలూ చెద్దర్లూ నేశాడు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. నేను చదువుకుని, మా వాళ్లలో కాకుండా, చర్చికి పోయే ఇంటి అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పినప్పుడు బాపు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మగ్గం గుంతలో దిగి కూర్చుని నేత మొదలుపెట్టాడు. పెళ్లికి మాత్రం రాలేదు. పాప పుట్టిన తర్వాత వచ్చాడు. పాపను ఎత్తుకున్నాడు, నాతో మాట్లాడాడు, మా ఆయన ఎదురుపడితే "బాగున్నరా సారూ" అన్నాడు. అంతే. అప్పటినుంచి ఆయన "సారు"గానే ఉండిపోయాడు. అల్లుడని బాపు నోటెంట ఎన్నడూ రాలేదు. ఈయనా తక్కువ తినలేదు. నా దగ్గర "మీ బాపు", బయటివాళ్ల దగ్గర "పెద్దమనిషి". మామా అని పిలిస్తే బాపు ఎక్కడ మొహం తిప్పుకుంటాడోనని ఈయన భయం.

అమ్మ పోయాక బాపు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. నేత తగ్గిపోయింది, అయినా మగ్గం దగ్గరే కూర్చునేవాడు. షుగర్ ఉంది. ఒకరోజు మందే మరిచాడో, మందు వేసుకుని తినడం మరిచాడో, మగ్గం గుంతలోనే స్పృహ తప్పి పడిపోయాడు. పక్కింటామె చాయపత్తి అడగడానికి వచ్చి చూసింది కాబట్టి దక్కాడు. దవాఖానలో డాక్టరమ్మ నాతో గట్టిగా చెప్పింది, ఈయనను ఒంటరిగా ఉంచితే మళ్లీ ఇట్లాగే అవుతుంది, ప్రతిసారీ ఎవరో ఒకరు చాయపత్తి కోసం రారు అని. ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది.

మా కారులోనే తీసుకొచ్చుకున్నాం. నల్గొండ వచ్చి దిగేసరికి బాపు కాళ్లకు చెప్పులు లేవు. ఏవని అడిగితే, "ఎక్కెటప్పుడు ఇడిసిన గద బిడ్డా," అన్నాడు. ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు విడిచినట్టు కారు ఎక్కేటప్పుడు విడిచాడు. అవి ఊళ్లో రోడ్డు పక్కన అట్లాగే ఉండిపోయాయి. నేను పడీపడీ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. బజారుకు పోయి కొత్త చెప్పులు తెచ్చి, "మీ బాపుకు సరిపోతయో లేదో చూడమను," అని నా చేతికిచ్చాడు. బాపు మూడడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

పాప హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి, ఇక మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే నడిచాయి. "బిడ్డా, సారుకు ఇంకింత పప్పు వెయ్యి." "మీ బాపును గోలీ వేసుకున్నడా అడుగు." "వేసుకున్ననని చెప్పు." ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చుని ఇద్దరూ నన్ను టపా బంట్రోతును చేశారు. ఒక్కోసారి విసుగు పుట్టి, "మీకు నోళ్లు లేవా, నేను పోతే మీరిద్దరూ ఆకలికి చస్తారా," అని అరిచేదాన్ని. ఇద్దరూ తల వంచుకుని తినేవాళ్లు.

బాపు బాధ వేరే ఉంది. మా దిక్కు ఆడపిల్ల ఇంట్లో నాలుగు రోజులకు మించి ఉండటం నామోషీ. అందులోనూ తను పెళ్లికి రాని ఇల్లు. పని చేస్తే తిన్నది అరుగుతుందని ఆయన లెక్క. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేవాడు. నా చీరలన్నీ అంచుకు అంచు కలిపి మడతపెట్టేవాడు. అవి అయిపోయాక చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ చూసేవాడు. "కూసొని తింటే నాకు ఒంటికి పట్టది బిడ్డా. నన్ను ఊళ్లె దింపి రా," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ గుంత కనిపించేది.

ఒక ఆదివారం కారు కడుగుతున్న మా ఆయన దగ్గర కాసేపు నిలబడి బాపు నాతో అన్నాడు. "సారు కారును నేను కడుగుతనని చెప్పు."

"వద్దని చెప్పు," అన్నాడు ఈయన బకెట్ మీంచి తలెత్తకుండా.

పెద్దమనిషి చేత పని చేయించుకోవడం ఏం బాగుంటుందని ఈయన ఉద్దేశం. తన చెయ్యి ఆ కారు మీద పడటం ఈయనకు ఇష్టం లేదని బాపు అనుకున్నాడు. నేను ఇద్దరికీ విడివిడిగా నచ్చజెప్పబోయాను. ఇద్దరూ విడివిడిగా, "సరే తియ్యి," అన్నారు. సరే తియ్యి అంటే ఇక మాట్లాడకు అని.

తర్వాత కొన్నాళ్లకు మా ఆయన ఆఫీసు వాళ్లు ట్రైనింగని మహబూబ్‌నగర్ పంపారు. రోడ్డు పనులు జరుగుతున్నాయి, కంకర లేచి తగులుతుందని కారు ఇంట్లోనే పెట్టి బస్సులో పోయాడు. ఆయన తిరిగొచ్చే రోజు నేను బడి నుంచి మా గల్లీ మలుపు తిరిగేసరికి, మా ఇంటి ముందర మేకల మంద ఉంది. మధ్యలో బాపు ఒక చీపురు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. ఒక మేక ముందు కాళ్లు ఎత్తి తలుపు మీద వేసి, కారును శ్రద్ధగా నాకుతోంది. ఇంకోటి బంపర్ నాకుతోంది. కారు నీలంగా లేదు. సున్నం వేసిన గోడ లాగా తెల్లగా ఉంది.

మేకలను అదిలించి, "ఏంది బాపూ ఇది?" అన్నాను.

"గంజి పెట్టిన బిడ్డా."

"దేనికి?"

"కారుకు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. నేత ఇంట్లో పుట్టినవాళ్లకు తప్ప ఇది ఎవరికీ తోచదు. నూలు పోగుకు గంజి పడితేనే బలం, గంజి పడితేనే మెరుపు. నా చిన్నప్పుడు పొద్దు పొడవకముందే బాపు మా వీధి పొడవునా పడుగు చాచి కట్టి, పల్చటి గంజి చల్లి, పెద్ద కుంచెతో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే దిక్కు దువ్వేవాడు. దిగాలుగా వేలాడే పోగులు ఎండ తగిలేసరికి నిటారుగా నిలబడి నిగనిగలాడేవి. బాపుకు తెలిసిన మెరుపు అదే.

"సారు లేడు గద, వచ్చేలోగ మంచిగ కడిగి పెడ్దామనుకున్న. ముందుగాల నీళ్లు పోసిన, మీదికెల్లి కిందికి కడిగిన, సారు తీరుగనే. కడిగినంక జర దిగాలుగ కనిపిచ్చింది. గంజి కాసి వడగట్టి రాసిన. తడి మీద అద్దం లెక్క మెరిసింది బిడ్డా. ఎండినంక గిట్లయింది. మేకలొచ్చినయ్." అంత పొడుగు మాట బాపు మా ఇంట్లో మాట్లాడటం అదే మొదలు.

నవ్వుతూ బాపు మొహం చూశాను. నవ్వు ఆగిపోయింది. ఆయన గోటితో ఒక చోట గంజి గీకబోయాడు. మా ఆయన పాఠాలు అన్నిరోజులకు పనికొచ్చాయి, చప్పున చెయ్యి పట్టుకుని ఆపాను. "సారు వచ్చేలోగ నేను బస్సెక్కుత," అన్నాడు. లోపలికి పోయి తన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. మనసులో మా ఆయనతో పోట్లాట కూడా సర్దుకున్నాను. కారు గురించి ఒక్క మాట అన్నాడా, ఇన్నేళ్ల లెక్కంతా తీసి ముందర పెడతాను.

పొద్దు గూకే వేళకు మా ఆయన వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. భుజం మీది బ్యాగు దించలేదు. కారు చుట్టూ ఒకసారి నడిచాడు. వేలితో తాకి వాసన చూశాడు.

"గంజా?" అన్నాడు.

"అవును, గంజే. అయితే ఏమైతదిప్పుడు?" నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాను.

ఆయన ఆ వేలిని జేబురుమాలుకు తుడుచుకున్నాడు. "ఉప్పు వేసిండా?"

నేను ఎదురుచూసిన ప్రశ్న అది కాదు. లోపలికి తిరిగి, "బాపూ, గంజిల ఉప్పేసినవా?" అని కేకేశాను.

"పోగుకు పెట్టే గంజిల ఉప్పెందుకేస్తరు? తాగేదాంట్ల వేస్తరు గని," అని లోపలి నుంచి గొంతు వచ్చింది.

"వెయ్యలేదంట."

"అయితే ఫికర్ లేదు, ఉప్పుంటేనే తుప్పు పడ్తది," అన్నాడు ఈయన. బ్యాగు దించి, గడియారం తీసి కిటికీలో పెట్టాడు. ఉంగరం తీశాడు. "గోకితే రంగు పోతది. ఎండిన గంజి ఎట్ల వదుల్తదో మీ బాపును అడుగు."

బాపు సంచి చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చాడు. "గోరెచ్చటి నీళ్లల్ల బట్ట ముంచి మీద కప్పాలెనని చెప్పు. రుద్దొద్దని చెప్పు. నానితే అదే జారిపోతది." చెప్పి అక్కడే నిలబడ్డాడు. ఈయన నా పాత దుప్పట్లు అడిగాడు. అవన్నీ గరుకు దుప్పట్లు, కారు మీద పరిస్తే ఇంకో ముప్పు. నేను వెతుకుతుంటే బాపు సంచి కింద పెట్టి, మూతి విప్పి, అందులోంచి ఒక చెద్దరు తీశాడు. ఆయన మగ్గం మీద చివరగా నేసింది. వాడి వాడి వెన్నలాగా మెత్తబడింది. "గిది గీత పెట్టది," అన్నాడు. ఎవరికి చెప్పమన్నాడో చెప్పలేదు.

నేను నీళ్లు కాచాను. వాళ్లిద్దరూ చెద్దరు తడిపి, చెరో కొసా పట్టుకుని, కారు మీద కప్పారు. ఒక భాగం నానాక ఇంకో భాగం మీదికి జరిపారు. గంజి చారలుగా జారి, వాకిట్లో తెల్లటి కాలువ కట్టింది. వీధి లైట్లు వెలిగేవేళకు నీలం రంగు బయటపడింది. తుడుస్తుంటే తలుపు పిడి కింద సన్నటి గీత ఒకటి కనిపించింది, మేక కొమ్ముదో గిట్టదో. బాపు అటే వస్తున్నాడు. మా ఆయన ఆయాసపడ్డట్టు కారుకు ఆనుకుని, ఆ గీత మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. బాపు అటు తుడిచి వెళ్లిపోయేదాకా చెయ్యి తీయలేదు. ఆ క్షణంలో నా మొగుడు నాకెంత నచ్చాడో చెప్పలేను. సర్దిపెట్టుకున్న పోట్లాటంతా ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

ఆ ఆదివారం నుంచి కారు కడగడం ఇద్దరి పని అయ్యింది. "మీ బాపును అటు దిక్కు చూసుకొమ్మను," అని ఈయనే నాతో అన్నాడు. కారుకు అటు బాపు, ఇటు ఈయన, మధ్యలో మాటలు మోస్తూ నేను. బాపు తన పాత ధోవతి చింపి గుడ్డలు చేశాడు. కుట్టిన అంచులు గట్టిగా ఉంటాయని వాటిని కత్తిరించి పారేశాడు. ఆయన వేలికి పెళ్లినాటి వెండి ఉంగరం ఉంది. అది కణుపు దాటి రాదు. ఈయన దాన్ని చూస్తూనే ఉన్నాడు గానీ తీయమని నాతో కూడా అనలేదు. బాపే ఒక నూలు పోగు తీసి ఉంగరం చుట్టూ ఒత్తుగా చుట్టి, కొసను పంటితో తెంపాడు. ప్రతి ఆదివారం కొత్త పోగు చుట్టేవాడు.

రాష్ట్రం వచ్చిన తర్వాత మా కాలనీకి కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. అది రోజూ రాదు, కాబట్టి నల్లా నీళ్లు చివరి కడుగుడుకే, మిగతాదంతా బోరు నీళ్లతోనే. ఒకసారి నల్లా నీళ్లు లేక చివరి కడుగుడు కూడా బోరు నీళ్లతోనే కానిచ్చి, తుడవడం ఆలస్యమైతే, కారు బానెట్ మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. బాపు వంగి వాటిని చూసి, "నా పండ్ల తీరుగనే ఉన్నది," అన్నాడు. మా ఊరి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినవాళ్ల పళ్లన్నీ అంతే, మచ్చలు మచ్చలు. నవ్వేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే మనిషి, ఆ రోజు పెట్టుకోలేదు. మా ఆయన మర్నాడే ఒక డ్రమ్ము తెచ్చి, చివరి కడుగుడు కోసమని నల్లా నీళ్లు నిలవ చేశాడు. తాగే నీళ్లు కారుకు పోస్తావా అని నేను పోట్లాడదామనుకుని, ఊరుకున్నాను.

బాపు మొహంలో కళ వచ్చింది. ఊరి మాట ఎత్తడం మానేశాడు. అమ్మయ్య, ఉండిపోతాడనుకున్నాను. కానీ ఈయన ఆఫీసుకు బండి మీద పోతాడు, కారు బయటికి తీసేది చర్చికే. సంక్రాంతి దాటింది. వాన లేదు, బురద లేదు. ఒక ఆదివారం బాపు ధోవతి ఎగగట్టి, ఉంగరానికి పోగు చుట్టి, బకెట్లు నింపి, కారు చుట్టూ తిరిగాడు. వేలితో తాకి చూశాడు. మళ్లీ తిరిగాడు. బకెట్ల నీళ్లు తీసుకుపోయి మల్లెచెట్టుకు పోశాడు.

"మాసిందే లేదు బిడ్డా. ఏం కడుగాలె? ఉత్తగ తిని కూసునుడు నాతోని కాదు. ఎల్లుండి పొద్దుగాల బస్సుకు పోత," అన్నాడు.

నేను బతిమాలాను. ఆ తర్వాత అరిచాను. గుంతలో పడ్డ సంగతి గుర్తుచేశాను. "పోతే పోత, నా మగ్గం కాడనే పోత," అన్నాడు నెమ్మదిగా. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు గానీ మాట మార్చుకోలేదు.

వంటింట్లో మా ఆయన మీద పడ్డాను. "ఒక్కమాట, ఉండమని ఒక్కమాట అనరాదా? నీ నోట్లోంచి ముత్యాలు రాలుతాయా?"

"నేనంటే ఉంటడా? సారు బతిమిలాడిండని ఇంకా నామోషీ అయితది ఆయనకు. ఎల్లుండి పోయేటాయన రేపే పోతడు," అన్నాడు.

"మరేం చేద్దాం?"

ఆయన చెయ్యి కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని, పోయి పడుకున్నాడు. ఇట్లాంటి మనిషిని ఏరి కోరి చేసుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు ఆయన ఆఫీసుకు కారు తీసుకుపోయాడు. ఎందుకని అడగలేదు, మాట్లాడే మనసు లేదు నాకు. బాపు సంచి సర్ది వాకిట్లో బల్ల మీద పెట్టుకున్నాడు. నేను బడి నుంచి వచ్చి, ఆ సంచి చూడలేక లోపలే తిరిగాను.

సాయంత్రం హారన్ వినిపించి బయటికి వచ్చాను. మా కారును నేనే గుర్తుపట్టలేదు. చక్రాల నుంచి పైకప్పు దాకా నల్లటి బురద. అద్దం మీద వైపర్లు తిరిగినంత మేర తప్ప లోపలి మనిషి కనిపించడం లేదు. ఆయన దిగాడు. ప్యాంటు మీద మచ్చ కూడా లేదు.

"ఏమైంది? ఎక్కడ గుద్దుకున్నవ్?" అన్నాను.

"తొవ్వ తప్పిన."

"ఆఫీసు నుంచి ఇంటికి తొవ్వ తప్పినవా?"

బాపు బల్ల మీంచి లేచి వచ్చాడు. కారు చుట్టూ మెల్లగా నడిచాడు. కొంచెం బురద తీసి, నూలు చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూశాడు. వెనక చక్రం దగ్గర వంగి ఏదో లాగాడు. పచ్చటి వరి నారు పోచ.

"బిడ్డా, సారు ఏ దిక్కు పోయిండో అడుగు," అన్నాడు.

"పానగల్లు దిక్కు పని పడ్డదని చెప్పు," అన్నాడు ఈయన గోడ వైపు చూస్తూ.

"పానగల్లుకు తారు రోడ్డే గద అని అడుగు."

"తొవ్వ తప్పిన అని చెప్పు."

"చెరువు కింద నాట్లు పడుతున్నయా అని అడుగు."

"పడుతున్నయని చెప్పు."

నేను ఎవరికీ ఏదీ చెప్పలేదు. వాన చుక్క లేని కాలంలో నల్గొండలో బురద దొరికేది నాట్లు పడే పొలాల దగ్గరే. ట్రాక్టర్ మడిలోంచి గట్టెక్కే జాగా ఏదో, ఎంత లోతు దిగబడుతుందో, వాళ్లమ్మ కొంగు పట్టుకుని అట్లాంటి గట్ల మీద పెరిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా? కంకర తగులుతుందని కారును ఇంట్లో పెట్టి బస్సెక్కిన మనిషి, దాన్ని తీసుకుపోయి ఆ బురదలో దొర్లించుకొచ్చాడు. దగ్గరికి పోయి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. బాపు ముందర సిగ్గేసి ఆగిపోయాను.

బాపు ఆ నారు పోచను పట్టుకునే బల్ల మీది సంచి తీసుకుని లోపలికి పోయాడు. ఇప్పుడే పోతాడేమోననుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో సంచి లేదు. ధోవతి ఎగగట్టి ఉంది. ఉంగరం చుట్టూ పోగు చుడుతూ, కొసను పంటితో తెంపుతూ వచ్చాడు. బకెట్ నింపాడు. గుడ్డ ముట్టుకోకుండా, పైకప్పు మీంచి మెల్లగా నీళ్లు వదిలాడు. బురద ముద్దలుగా కరిగి జారుతోంది. మా ఆయన గడియారం, ఉంగరం తీసి కిటికీలో పెట్టి, కారుకు ఇటు వైపు వచ్చి నిలబడ్డాడు.

బాపు ఇంకో బకెట్ పోశాడు. పోసి, కారు మీదుగా ఇటు చూశాడు.

"అల్లుడా, ఇంకోసారి తెచ్చేటప్పుడు జర పల్చటి బురద చూసి తే. గిది ఎండితే గీతలు పడ్తయి."

అలవాటు కొద్దీ, చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"సరే మామా," అన్నాడు మా ఆయన.